వలందపాలెం పిల్లికళ్ళు

తొంభైతొమ్మిదిలో సత్యనారాయణకు సిడ్నీలో వై టూ కే కాంట్రాక్టు దొరికింది. పెండిల్ హిల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. భార్య శేషుకుమారిది బందరులో వలందపాలెం. డచ్చివాళ్ళను ఆ ఊళ్ళో వలందావాళ్ళనేవారు. పేటకా పేరు అలా వచ్చిందే.

పక్కింటి ముసలాయన యాన్ డచ్చివాడు. కంచె మీదుగా ఊరడిగితే ఆమె మచిలీపట్నమంది. ఆ పేరు ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇక కనబడితే చాలు, ప్రశ్నలే. మీ అమ్మమ్మ ఎవరు? ఆమె తల్లిది ఏ ఊరు? ఇంట్లో అందరివీ ఈ కళ్ళేనా? శేషుకుమారివి బూడిదరంగు పిల్లికళ్ళు.

"వీసా ఆఫీసుకి మన సంగతులు మోస్తున్నాడేమో. ఆయనతో మాట్లాడకు, శేషూ" అన్నాడు సత్యనారాయణ.

ఆమెకూ అదే అనుమానం. యాన్ లోపలికి వెళ్ళేదాకా బట్టలు ఆరేసేది కాదు. కర్టెన్ తొలగించి చూస్తే ఆయన చూపు తమ కిటికీ మీదే ఉండేది. చివరికి ఓర్చుకోలేక కంచె దగ్గరికెళ్ళి నిలదీసింది.

"మావాళ్ళ ఆరా మీకెందుకండీ?"

యాన్ దాచలేదు. మూడువందల ఏళ్ళ కిందట తమ వంశంలో విలెం అనే వైద్యుడు బందరు వలందా కోటలో పనిచేశాడట. హాలెండులోని డెల్ఫ్ట్‌లో భార్య ఉంది. ఆ కొలువు మామగారి పలుకుబడితో వచ్చిందే. అయినా బందరులో, కోటలో మాటలు తర్జుమా చేసే దుబాసీ కూతురితో కాపురం పెట్టాడు. ఇద్దరాడపిల్లలు పుట్టాక, వాళ్ళనక్కడే వదిలేసి ఓడెక్కాడు.

"మా మేనత్త ఒక్కతే ఈ మాట చెప్పేది. మావాళ్ళు ఆమె నోరు మూయించారు. మా ఇంట్లోనూ ఈ కళ్ళే" అన్నాడు.

శేషుకుమారి నమ్మలేదు. ఆదివారం తల్లి వసంతకు ఫోన్ చేసింది.

"అమ్మా, మనకీ కళ్ళెక్కణ్ణించొచ్చాయే?"

వసంత కసిరింది. "ఎవరే అడిగింది? ఆ దుబాసీ గొడవ ఎవరి దగ్గరా ఎత్తకు."

"దుబాసీ మాట నేనెత్తలేదుగా అమ్మా!"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

శేషుకుమారి ఆ సంగతి చెబితే యాన్ కంచె పట్టుకుని మళ్ళీ చెప్పించుకున్నాడు. సత్యనారాయణ మాత్రం, "ఇవాళ చుట్టమంటాడు, రేపేమడుగుతాడో" అని గొణిగాడు.

మరుసటేడు వసంత సిడ్నీ వచ్చింది. యాన్ చెప్పిందంతా శేషుకుమారి ఆమె చెవిన వేసింది. రెండ్రోజులు కిటికీలోంచి ఆ ముసలాయన్ని గమనించి, మూడోనాడు కూతురితో అంది: "ఆయన్ని భోజనానికి పిలువు. పాతవి మాత్రం తవ్వకు."

యాన్ వచ్చాడు. వసంత తానే వడ్డించింది. సత్యనారాయణ వాళ్ళిద్దరి బూడిదరంగు కళ్ళనూ మార్చి మార్చి చూస్తూ అన్నం కలపడమే మరిచిపోయాడు. చుట్టాన్ని కొసరినట్టు, వద్దంటున్నా వసంత యాన్‌కు పప్పు మారు వడ్డించింది. పాత సంగతి ఎవరూ తవ్వలేదు.