మూట కింది కాళ్లు

ముప్పై ఏళ్లుగా మద్దమ్మ ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు నుంచి పరుపులు కుట్టే అంగడికి చెత్తదూది మూటలు మోస్తోంది. మూట తేలికే గానీ మంచమంత వెడల్పు. నెత్తికెత్తుకుంటే భుజాల దాకా దిగి ముఖం కప్పేస్తుంది. ఇక ఆమెకు కనిపించేది బారెడు నేల, దాని మీద తిరిగే చక్రాలు. ముందుచక్రం ఎటు వంగితే ఆటో అటు వస్తుందని ఆమెకు తెలుసు. ఆమె కాలి బొటనవేలు ఎటు తిరిగితే మనిషి అటు దాటుతుందని ఆటోవాళ్లకూ తెలుసు. ఇన్నేళ్లలో ఒక్క బండీ ఆమె చీర అంచు తాకలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మెడ కాస్త నిక్కుతుంది.

మనవరాలు భారతిది ఇంట్లోనే కంప్యూటరు పని. డ్రైవరు లేని కార్లకు వీధుల ఫోటోలు చూపి ఏది ఏమిటో నేర్పాలి. మనిషి చుట్టూ ఎర్రగీత, బండి చుట్టూ నీలిగీత, సామాను చుట్టూ పసుపుగీత.

ఆ మధ్యాహ్నం మద్దమ్మ అన్నం తింటూ తొంగి చూసింది. ఏదో ఊరి రోడ్డు. నడిమధ్య పెద్ద మూట. చుట్టూ పసుపుగీత.

"మే, దానికి పసుపెందుకు గీసినావు?"

"మూట కదవ్వా. సామాను."

"మూట దానంతటది నడిసి పోతాండాదా? కింద కాళ్లు సూడు."

"ముఖం కనపడకుంటే సామానేనని మా సారు సెప్పినాడు."

"సామానైతే కారు ఏం సేస్తాది?"

భారతి గొంతు తగ్గింది. "సామాను కదలదు కదవ్వా. పక్కనుంచి రాసుకుంటా పోతాది. మనిషైతే దాటుతాదేమోనని నిలబడతాది."

మద్దమ్మ చేతిలో ముద్ద కంచంలో పడింది. "తాగి తోలే ఆటోవాడు గూడా నన్ను మనిషనే అనుకున్నాడు. సదువుకున్న మీ కారుకు నేను సామానైతినా? ఆ సారుకు ఫోన్ కలుపు."

భారతి కలిపి అవ్వ చేతికిచ్చింది. సారు పేరు నరేష్. "ఎవరు మాట్లాడేది?" అన్నాడు.

"సామానప్పా. సామాను మాట్లాడతాండా."

సంగతంతా విని అతను నసిగాడు. "ముఖం లేకుంటే మనిషని కారుకెలా తెలుస్తుందమ్మా?"

"నువ్వు రోడ్డు దాటేవాళ్ల ముఖాలు సూసుకుంటా బండి తోలుతావా? కాలు ఎటు తిరిగితే మనిషి అటు వస్తాది. అది నేర్పకుండా ఇంకేం నేర్పుతాండారు మీరు?"

"రూలు నా చేతిలో లేదు. పైవాళ్లను అడుగుతాను."

"అడుగు. అందాకా మా పాప ఎర్రదే గీస్తాది."

భారతి పసుపు చెరిపి ఎర్రగీత గీసింది.

"మడమల కాడే ఆపినావేమి? బొటనవేళ్ల దాకా లాగు."

లాగింది.

"ఇంతకు ముందు ఇట్లాంటివి ఎన్ని పసుపు జేసినావు?"

"శానానే అవ్వా," అంది భారతి. మద్దమ్మ కంచం పక్కకు జరిపి, మనవరాలిని ఆనుకుని కూర్చుంది.

"తియ్యి. మొదటి దాన్నుంచీ తియ్యి."