అందరూ గీత వెనక్కి

తార్నాకలో ఒక మేడ మీద మా కోచ్ పిస్టల్, రైఫిల్ షూటింగ్ స్కూలు నడిపేవారు. చివరికి శిష్యుణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, కాబట్టి మొదటి ర్యాంకూ చివరి ర్యాంకూ నావే. టార్గెట్ కాగితం మార్చే ముందు ఆయన తప్పకుండా అరిచేవారు.

"గన్నులు కింద పెట్టుండ్రి! అందరు గీత వెనక్కి రాండ్రి!"

"అందరంటే నేనే కద సార్?"

"నవ్వకు, వెనక్కి రా బేటా."

మానేస్తానని చెప్పడానికి ఒక సాయంత్రం వెళ్ళాను. ఆయన ఒక్కరే గురిపెట్టి కాలుస్తున్నారు. పిస్టల్ కింద పెట్టి, అదే కేక వేసి, అటూ ఇటూ చూసి, అందరూ వచ్చేదాకా ఆగారు. కాగితం మార్చి తిరిగొస్తూ నన్ను చూశారు.

"ఏంది, గింత లేటు?"

"ట్రాఫిక్ సార్," అన్నాను. యూనివర్సిటీ హాస్టల్ నుంచి నేను నడిచే వస్తానని ఆయనకు తెలుసు.

"అవునవును, గాడ మస్తు జామ్ అయితది," అన్నారు.