మడ్జీలో మూడు ఎర్ర వైన్లు, ఒక గ్లాసు

పారమట్టాలో ఒక ఇటాలియన్ రెస్టారెంటులో రెండేళ్ళుగా బల్లలు తుడుస్తున్నాను. అక్కడ వైన్ వడ్డించే పని ఖాళీ అయింది. సోమవారం పేర్లు చెప్పకుండా మూడు గ్లాసులు ముందు పెడతామని, ఏది ఏదో గుర్తుపట్టి రుచిని సొంత మాటల్లో చెబితే ఆ పని నాదేనని యజమాని అన్నారు. సాంజొవేజే, బార్బేరా, నెబ్బియోలో అనే ఆ మూడు ఎర్ర వైన్ల గురించి లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. ఒక్క చుక్క తాగలేదు. అందుకే శనివారం ద్రాక్షతోటల ఊరు మడ్జీ వెళ్ళాను.

నేను అద్దెకుండే ఇంటి సుజాత ఆంటీ కారు నడిపారు. ఆవిడ వైన్ ముట్టరు. ఆరున్నరకి టూంగాబీలో బయలుదేరి, బ్లూ మౌంటెన్స్ దాటి, లిత్‌గోలో కాఫీకి ఆగాం. అక్కడినుంచి దారి ఉత్తరానికి తిరుగుతుంది. లోయల నిండా పొగమంచు, మీగడ కట్టినట్టు.

"ఆ బుక్ మూసెయ్యవే. ఎగ్జామ్ మండే కదా, విండోలోంచి చూడు," అన్నారు ఆంటీ.

మూశాను. మంచులోంచి కొండలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి.

పదిన్నరకి తోట చేరాం. శరదృతువు. ద్రాక్ష ఆకులు తుప్పు రంగులో, రాలిపోవడం మరిచిపోయినట్టు ఉన్నాయి. రుచి చూడటానికి మనిషికి పదిహేను డాలర్లు. సీసా కొంటే ఆ డబ్బు తీసుకోరు. పోసేది లూచియా గారు, చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చిన డెబ్భై ఏళ్ళ మనిషి. మూడు వైన్లకీ ఒకటే గ్లాసు.

కాన్వెంటు హాస్టల్లో నలుగురికి ఒక గ్లాసుండేది. పెదవి తగలకుండా ఎత్తి పోసుకోవడం అలవాటు. ఇక్కడా అలాగే పోసుకున్నాను. కాస్త కాలరు మీద పడింది. మొదటిదీ, రెండోదీ ఒకేలా పుల్లగా గొంతులోకి జారిపోయాయి. చదివిన వాసనలు ఒక్కటీ లేవు. సోమవారం ఇంకేం చెబుతాను అనుకున్నాను.

లూచియా గారు నా కాలరు చూశారు. "మీ ఊళ్ళో మందు ఇలాగే తాగుతారా?"

"నీళ్ళు తాగుతాం. ఎంగిలి కాకుండా."

"ఈ గ్లాసు నీ ఒక్కదానిదే, అమ్మాయ్. ఎంగిలి చెయ్యి. ముందు ముక్కు లోపల పెట్టు."

"ముక్కా? బాగానే ఉంది," ఆంటీ నవ్వారు.

పెట్టాను. లూచియా గారు మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కటే పోశారు. సాంజొవేజేలో పుల్లని చెర్రీ, ఎండబెట్టిన టమాటా. బార్బేరా ముదురు రంగుది, నోరూరించే పులుపు, వగరు తక్కువ. నెబ్బియోలో రంగు పలచన. వాసన ఎండిన గులాబీ, కరిగిన తారు. తేలికగా ఉంటుందనుకున్నాను. గుటక వేశాక చిగుళ్ళు బిగుసుకుపోయాయి, నేరేడుపళ్ళు తిన్న మధ్యాహ్నంలా. పక్కన పెట్టిన చీజ్ ముక్క తింటే ఆ వగరు మెత్తబడింది. కిటికీ ఎండ గ్లాసులోంచి బల్లగుడ్డ మీద ఎర్రగా పడుతోంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

సోమవారం మొదటి రెండూ గుర్తుపట్టాను. మూడో గ్లాసు దగ్గర పుస్తకాల మాటలేవీ గుర్తురాలేదు. నేరేడుపండు గురించి, నాలుక గరుకెక్కడం గురించి చెప్పి, నెబ్బియోలో అన్నాను. యజమాని ఆ పండు ఎప్పుడూ తినలేదట. నేను చెప్పాక మళ్ళీ ఒక గుక్క తాగి, కిటికీ పక్క బల్ల చూపించారు. "శుక్రవారం నుంచి అక్కడ వైన్ నువ్వే పొయ్యాలి." చదివినదేదీ అబద్ధం కాదు. గ్లాసు దగ్గరికి ముఖం తీసుకెళ్ళడానికే నేను ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను.

మీరు మడ్జీ వెళ్తే ఆ ఉదయం సెంటు గానీ, వాసన నూనె గానీ రాసుకోకండి. గ్లాసులో మీ తలే వాసనొస్తుంది.