అచ్చుకు నోచుకోని మిల్లులు

మొన్న కంకిపాడు దాటుతుండగా బస్సు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన గుప్పుమంది. పక్కావిడ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం రాహేలు గారు గుర్తొచ్చారు. డెబ్బయిల్లో ఆవిడ బెజవాడలో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. నేను ఆవిడకు పరిశోధనలో సహాయకురాలిని. రైసు మిల్లుల్లో యజమానులూ కూలీలూ కలిసి కూర్చునే కమిటీలుంటే గొడవలు తగ్గుతాయా అన్నది మా ప్రశ్న. కమిటీ ఉన్నవి ఆరు, లేనివి ఆరు మిల్లులు ఎంచుకుని, తవుడు దుమ్ము తలకు పట్టేలా రెండు వేసవులు తిరిగాం. చివరికి చూస్తే కమిటీ ఉన్నా లేకున్నా తేడా ఏమీ లేదు.

వ్యాసం పంపితే పత్రికవాళ్లు తిప్పి పంపారు. కొత్తగా ఏమీ తేలలేదు, ఏదైనా తేలితే పంపమన్నారు. నాది తాత్కాలిక ఉద్యోగం. అది ఖాయం కావాలంటే ఇంటర్వ్యూ నాటికి అచ్చయిన వ్యాసం ఒకటి చూపించాలి. కమిటీ ఉండి కూడా సమ్మెలు జరిగిన మిల్లులు మూడున్నాయి. ఎలాగూ తర్వాత మూతపడ్డాయి కదా అని వాటిని తీసేశాను. కమిటీలతో గొడవలు తగ్గినట్టు చక్కగా తేలిపోయింది. సంబరంగా తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చాను.

“ఈ మూడు మిల్లులూ ఏమైనయ్యమ్మా?” అన్నారు.

“మూతపడ్డాయి కదండీ.”

“మిల్లు మూతపడితే మనుషులు చెప్పింది కూడా మూతపడిద్దా?”

నేను రాసుకొచ్చిన నోటుబుక్కే తెరిచి ఒక పేజీ చదవమన్నారు. ఆ మూడింట్లో ఒక మిల్లులో బస్తాలు మోసిన మస్తాన్ గారి మాటలవి. “కమిటీకి పిలిచి టీ ఇచ్చేవోళ్లండీ. మేం చెప్పేదంతా చెప్పేవోళ్లం. ఆనక పుస్తకంలో సంతకం పెట్టమనేవోళ్లు. అందులో మా మాట ఒక్కటీ ఉండేది కాదండీ.” చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి చచ్చేంత సిగ్గేసింది.

మూడు మిల్లుల్నీ తిరిగి చేర్చాను. వ్యాసం ఎక్కడా అచ్చు కాలేదు, ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. తప్పు నాదేనని తెలిసినా, నోటికాడి కూడు పోయిందన్న కోపం మాత్రం ఆవిడ మీదే. బీసెంట్ రోడ్డులో కనిపిస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. చివరికి ఆవిడే మా ఇంటికొచ్చారు.

“కోపం ఇంకా పోలేదా?”

“లేదండీ.”

“ఉండనీలే. పై ఏడు మళ్లీ ఇంటర్వ్యూలున్నయ్యి. దరఖాస్తు తెచ్చా, నింపు.”

రిటైరయ్యాక కూడా పరిశోధన చేసే పిల్లలు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. కమిటీలతో గొడవలు తగ్గుతాయని అచ్చయిన వ్యాసాలన్నీ ఒక్క గొంతుతో చెబుతున్నాయని ఈమధ్య ఒక విద్యార్థిని ధీమాగా రాసుకొచ్చింది. చెబుతాయి మరి, మాది వాటిలో లేదు. అలాంటివి ఇంకెందరి బీరువాల్లో ఉన్నాయో. అందుకే “ఏమీ తేలలేదండీ” అని తల దించుకుని నా దగ్గరికి వచ్చే పిల్లల్ని ముందు కూర్చోమంటాను. ఎవరెవరు ఏమేం చెప్పారో మొదటినుంచీ చదవమంటాను.