రాణి ఆగిన చోటు

ఆఖరి పీరియడ్‌లో గాలి విమానాశ్రయం వైపు నుంచి తిరిగితే మా తొమ్మిదో తరగతి కిటికీలోంచి ఒక ఘాటు వాసన వస్తుంది. విమానాల్లో పోసే నూనె వాసన. పిల్లలు ముక్కు మూసుకుని "మేడం, కిటికీ పెట్టాల్నా?" అంటారు. నేను వద్దంటాను. నా చిన్నప్పుడు మా ఊరి భాగోతంలో దివిటీలకు వాడిన గాసునూనె కూడా అచ్చం ఇలాగే ఉండేది. ఏటా వానాకాలంలో ఈ తరగతికి ఒక పాత పద్యనాటకంలోని ఘట్టం చెప్పాలి. ప్రేమ, ఎడబాటు, ఎదురుచూపు ఉన్న పాఠం. అందరు టీచర్లూ దాన్ని కళ్లు చెమర్చేలా చెబుతారట. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా పళ్లు కొరుకుతూ చెబుతున్నాను.

మా ఊరు ఇప్పుడు విమానాశ్రయం ప్రహరీ లోపల ఉంది. ఊరంటే ఏమీ మిగల్లేదు, నేల మాత్రం ఉంది. అప్పట్లో అక్కడ ద్రాక్షతోటలుండేవి. చలికాలం పోయి ఎండ ముదిరేసరికి పందిళ్ల నిండా గుత్తులు వేలాడేవి, తేనెటీగల రొద రోడ్డు దాకా వినిపించేది, రాలిన పళ్లు ఎండకు పులిసి ఊరంతా ఒక తియ్యటి మత్తువాసన తిరిగేది. వానలు పడితే మక్కకంకులు కాల్చుకునేవాళ్లం, వానలు వెనకబట్టాక గుట్టల మీద సీతాఫలాలు కోసి గడ్డిలో మాగేసి, రోజుకు నాలుగుసార్లు నొక్కి చూసి మాగకముందే సగం పాడుచేసేవాళ్లం. బతుకమ్మకు పక్కవాడ నుంచి మలీద ముద్దలు మాకు వచ్చేవి, క్రిస్మస్‌కు అమ్మ చేసిన గరిజెలు ఆ వాడకు పోయేవి. కొన్ని ఇళ్లలో లోపలికి రమ్మని తీసుకునేవాళ్లు, కొన్ని ఇళ్లలో అరుగు మీద పెట్టి పొమ్మనేవాళ్లు. మగపిల్లలు చిర్రగోనె ఆడేవాళ్లు. ఆడపిల్లలం తలకు తువ్వాలు కట్టి, అది మోకాళ్ల దాకా వేలాడితే జడ అనుకుని, రాణి ఆట ఆడేవాళ్లం.

రాణి ఎవరో ఊరందరికీ తెలుసు. మా బాపు. పేరు యేసోబు. పొద్దంతా ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరించే పని, పొద్దు వాలితే మద్దెలాయన ఇంటి ముందు పద్యాల సాధన. ఉగాది దాటి భాగోతాల కాలం వచ్చిందంటే మీసం నున్నగా గీసేసేవాడు. ఆ మూడు నెలలూ ఊళ్లో ఆయన యేసోబు కాదు, రాణి యేసోబు. మా పాస్టరు గారు మొదట్లో ఇదేం పనని గట్టిగానే మందలించారు. తర్వాత ఆయనే దుప్పటి ముసుగేసుకుని వెనక వరసలో కూర్చుని చూసి పోయేవారు. మా అమ్మకు మాత్రం ఒకటే బాధ, ఇంట్లో ఉన్న ఒక్క మంచి చీరా వేషం కిందికే పోయేది.

"రాణికేమో జరీ అంచు, నాకేమో చినుగుల పాత. ఇగ గీ ఇంట్ల ఆడమనిషి ఎవలో నాకే తెలుస్తలేదు," అని అమ్మ గొణిగేది.

ఆ నాటకాన్ని మా ఊళ్లో ఎడబాటు ఆట అనేవాళ్లు. రాజు యుద్ధానికి పోతాడు. రాణి పన్నెండేళ్లు కోటగోడ మీద నిలబడి చూస్తుంది. చివరికి రాజు గుర్రం ఒక్కటే తిరిగొస్తుంది. దాని మెడ పట్టుకుని రాణి పాడే పద్యమే ఆటకు ప్రాణం. నాలుగు పాదాల పద్యంలో మూడు పాదాలు పాడి బాపు ఆగేవాడు. గుర్రాన్ని నిమురుతూ, నేల చూస్తూ, గుండె ముప్పై నలభైసార్లు కొట్టుకునేంతసేపు ఆగి, అప్పుడు నాలుగో పాదం ఎత్తుకునేవాడు. బతికున్నాడా అని అడిగే పాదం అది. ముందు కూర్చున్న అవ్వలు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్లు.

ఎందుకు ఆగుతావని ఒకసారి తోటలో అడిగాను. పందిరి కింద కత్తెర ఆడిస్తూ నవ్వాడు. "గాడికొచ్చేసరికి దివిట్లు కొండెక్కుతయి బిడ్డా. లింగయ్య తాత నూనె పొయ్యాలె గదా. చీకట్ల రాణి ఎంత ఏడిస్తే ఎవనికి కనబడుతది?"

నిజం అంతే. ఊళ్లోకి కరెంటు వచ్చినా ఆట మధ్యలో పోయేది కాబట్టి దివిటీలు తప్పేవి కావు. ఆ పద్యం దగ్గరికి వచ్చేసరికి వెలుగు సగానికి పడిపోయేది. లింగయ్య తాత ఒక్కో దివిటీ దించి, గుడ్డకు నూనె పట్టించి, మళ్లీ ఎత్తేవాడు. రెండో దివిటీ లేచాక బాపు గొంతు లేచేది. బాపుకు నేర్పిన గురువు కూడా అక్కడే ఆగేవాడట.

నేను ఎనిమిది పాసైన ఎండాకాలం, హైస్కూలు తెలుగు సారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. ఆయనకు 'గారు' తగిలించడం నా చేత కాదు, చదివేవాళ్లు మన్నించాలి. నల్లటి టేపు రికార్డరు తెచ్చి మంచం మీద పెట్టి, తనకంటే పెద్దవాడైన మా బాపును "యేసోబూ, ఆ గుర్రం పద్యం మరోసారి అందుకో" అనేవాడు. బాపు అందుకునేవాడు. నెల రోజులు, నలభై పద్యాలు. నాటకం పుస్తకాల్లో ఉంది, అందులో మాటలుంటాయి. వరస మాత్రం బాపు గొంతులోనే ఉంది. మండుటెండలో వచ్చిన మనిషికి అమ్మ చల్ల ఇస్తే "ఇప్పుడే తాగి వచ్చానమ్మా" అనేవాడు. నెల రోజులూ ఇప్పుడే తాగి వచ్చాడు. మా బాపు గొంతు ఆయనకు పనికొచ్చింది, మా కుండలో చల్ల పనికిరాలేదు. అమ్మకు మొదటిరోజే అర్థమైంది. బాపుకు మాత్రం ఒక పెద్ద సారు తన పద్యాలు పట్టుకుంటున్నాడన్న సంబరం తప్ప ఏదీ కనిపించలేదు.

బడి తెరిచాక ఆ పాఠం వచ్చింది. సారు కళ్లు మూసుకుని, ఒక చెయ్యి గాల్లో ఉంచి పద్యం ఎత్తాడు. అచ్చం బాపు వరస. నేను బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయాను, ఒళ్లంతా గర్వం. మూడు పాదాలు అయ్యాయి. ఆగాడు. ఆ ఆగడం కూడా బాపుదే. అప్పుడు కళ్లు తెరిచి చెప్పాడు: "గమనించారా? ఇక్కడ రాణికి గొంతు పెగలదు. పన్నెండేళ్ల విరహం ఈ మౌనంలో ఉంది. ఈ రహస్యం నేను ఎంతో పరిశోధన చేసి పట్టుకున్నాను."

నేను లేచి నిలబడ్డాను. ఎదిరించాలని కాదు, సంతోషం పట్టలేక. "సార్, గది మా బాపు పాడిన వరస సార్. గాడ దివిట్ల నూనె పోస్తరు. గందుకే ఆగుతరు."

తరగతి గొల్లుమంది. సారు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత చల్లగా అయిపోయింది. "మీ నాన్నెవరు?" అన్నాడు. "నాకు తెలియదే. వీధి భాగోతాలు వేరు, సాహిత్యం వేరు. బెంచీ ఎక్కు." ఆ పాఠం అయ్యేదాకా మూడు రోజులు తెలుగు పీరియడ్ అంతా బెంచీ మీదే నిలబడ్డాను. కాళ్ల నొప్పి ఎప్పుడో మరిచిపోయాను. 'నాకు తెలియదే' అన్న మాట మాత్రం నిన్న విన్నట్టుంది.

ఇంటికొచ్చి ఏడిస్తే బాపు తల నిమిరాడు. "పెద్దోడు బిడ్డా, పోనియ్యి. పద్యమైతే పిల్లలకు చేరింది గదా." ఆ రోజు సారు మీద ఎంత మండిందో బాపు మీద అంతకు రెండింతలు మండింది.

బడి వార్షికోత్సవానికి సారు ఆ ఘట్టాన్ని పిల్లలతో వేయించాడు. నన్ను వేషానికి కాదు కదా, బల్లలు మోయడానికి కూడా పిలవలేదు. బాపు మాత్రం పిలుపు లేకుండానే వచ్చాడు, తెల్లచొక్కా ఉతికించుకుని, కాలం కాని కాలంలో మీసం గీసుకుని. వేదిక మీదికి రమ్మంటారనుకున్నాడో ఏమో. ఎవరో ఒక పెద్దమనిషి సారుకు శాలువా కప్పి, ఈ వరసలు ఎక్కడ నేర్చారని అడిగాడు. అంతా సొంత సాధనే అన్నాడు సారు. కింద ముందు వరసలో నిలబడ్డ బాపును చూపించి హెడ్మాస్టరు ఎవరాయన అంటే, మైకు ముందే ఉన్న సారు, "ఎవరో తోటమాలి అనుకుంటానండీ" అన్నాడు. అందరికీ వినిపించింది. బాపు మెల్లగా బయటికి నడిచాడు. మూడు మైళ్లు నేను వెనకే నడిచాను.

మరుసటి ఉగాదికి మీసం తీయలేదు. మద్దెలాయన వచ్చి బతిమాలాడు, పాస్టరు గారు కూడా వచ్చి అడిగారు. "గొంతు పోయింది," అన్నాడు బాపు. పోలేదు, నాకు తెలుసు. తోటలో కత్తెర ఆడుతూనే ఉండేది, పద్యం వినిపించేది కాదు. చనిపోయేదాకా పాడలేదు.

నేను తెలుగు చదివింది భాష మీద ప్రేమతో అని అందరూ అనుకుంటారు. కాదు, కక్షతో చదివాను. ఆ మనిషి నిలబడిన చోట ఒక రోజు నేను నిలబడాలి, మా బాపు పేరు ఆయన చెవుల్లో పడేలా చెప్పాలి, అంతే. పాము పగబడుతుందంటారు కానీ పాముకు అంత ఓపిక ఎక్కడిది?

నిరుడు మా బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామంటే నేనే ఆయన పేరు చెప్పాను. ఎనభైకి దగ్గరపడి, బడంగ్‌పేట్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. వెళ్లి పిలిచాను. నన్ను గుర్తుపట్టలేదు. "ఆ నాటకం మీద నాలుగు మాటలు చెప్పాలి సార్," అంటే పొంగిపోయాడు. సభలో ముందు ఆయన్నే మాట్లాడించాను. ఇరవై నిమిషాలు చెప్పాడు, అదే పరిశోధన, అదే మౌనం, అదే గాల్లో చెయ్యి. తర్వాత తెర తీశాం.

పహాడీ షరీఫ్ నుంచి ఆటోలో వచ్చే షాహీన్ రాణి వేషం వేసింది. మూడు పాదాలు పాడి ఆగింది. పక్కనుంచి ఒక పిల్ల డబ్బా పట్టుకుని తాపీగా వచ్చి, అట్టతో చేసిన దివిటీలో నూనె పోసినట్టు పోసి, ఇంకా చాలదన్నట్టు తొంగిచూసి, మళ్లీ పోసింది. రాణి గాజులు సవరించుకుంటూ, దిక్కులు చూస్తూ నిలబడింది. హాలు మొత్తం పడీపడీ నవ్వింది. అప్పుడు నేను మైకు అందుకున్నాను. "విమానం పోయేదాకా మనం పాఠం ఆపినట్టే ఇది కూడా. ఈ వరస రాణి యేసోబుది. ఆయన మా బాపు. ముఖ్య అతిథి గారు మా ఇంట్లో మంచం మీద కూర్చుని నెల రోజులు నేర్చుకున్నారు," అన్నాను. ముందు వరసలో సారు తల వంచుకున్నాడు. నాకు జాలి కలగలేదు. కలగాలి కదా అని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

వేషం విప్పుతూ షాహీన్ మాత్రం ఒక మాట అంది. "మేడం, నూనె కోసమే ఆగిన్రు సరే. గానీ అవ్వలు నిజంగనే ఏడ్చిన్రని మీరే చెప్పిన్రు గదా."

గేటు దగ్గర సారు కారు ఎక్కకుండా నిలబడి ఉన్నాడు. "బెంచీ ఎక్కిన పిల్లవా నువ్వు?" అన్నాడు. అవునన్నాను. క్యాసెట్లు ఏవని అడిగాను. నేను అసలు అడగాల్సింది అదే. "వాటి మీద నా ప్రసంగాలు ఎక్కించుకున్నానమ్మా," అన్నాడు. నలభై పద్యాల మా బాపు గొంతును ఆ మనిషి తన గొంతుతో పూడ్చేశాడు. "కానీ వరసలన్నీ నాకు వచ్చు," అని, అక్కడే, కారు తలుపు పట్టుకుని, పాఠంలో లేని పద్యం ఒకటి అందుకున్నాడు. బాపు గొంతు కాదు. బాపు వరస. రెండో పాదంలో బాపు ఎక్కడ పైకి లేచేవాడో అక్కడే లేచింది.

మద్దెలాయన లేడు, లింగయ్య తాత లేడు, మేళంలో ఒక్కరూ మిగల్లేదు. తోటలున్న చోట విమానాలు దిగుతున్నాయి. నాకు గుర్రం పద్యం తప్ప రెండో పద్యం వరస రాదు. ఈ భూమ్మీద ఆ ఎడబాటు ఆట ఇంకా బతికి ఉన్నది ఒక్క గొంతులో, అది నేను నలభై ఏళ్లు మూగబోవాలని కోరుకున్న గొంతు.

ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక బడంగ్‌పేట్ వెళ్తున్నాను. మొదటి రోజు ఫోను బల్ల మీద పెట్టి, "ముందు పేరు చెప్పండి" అన్నాను.

"నా పేరా?"

"కాదు. పద్యం ఎవరిదో."

"రాణి యేసోబు పాడిన పద్యం," అన్నాడు, నోట్లోనే.

"గట్టిగా సార్."

గట్టిగా అన్నాడు. రెండో పద్యానికి కూడా అనిపించాను. మూడోదానికి ఆయనకు కోపం వచ్చింది. "ప్రతిసారీ ఎందుకమ్మా, ఒకసారి చెప్పాను కదా?"

"ప్రతిసారీ చెప్పాలె సార్," అన్నాను. చెప్పాడు.

పోయిన నెల ఆయాసం ఎక్కువై రెండు ఆదివారాలు దవాఖానాలో ఉన్నాడు. ఆ మనిషి చావు కోసం చిన్నప్పటి నుంచి దేవుణ్ని అడిగిన నోటితోనే ఇప్పుడు రాత్రి పగలు ఆయన ఆయుష్షు అడుగుతున్నాను. ఇంకా పదకొండు పద్యాలున్నాయి.