సహంలో ఎలుగుబంటి నిద్ర

మొన్న పక్క ఫ్లాటు పాప తన ట్యాబు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో మంచు కప్పిన గుహ, గుహలో నిజమైన ఎలుగుబంటి, దాని ముక్కులోంచి వచ్చే ఆవిరి కూడా కనిపిస్తోంది. చలికాలమంతా ఇది ఇలాగే పడుకుంటుందని ఆ పిల్ల నాకు పాఠం చెబుతుంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వుతున్నానని అడిగితే చెప్పడం మొదలుపెట్టాను గాని, సగంలోనే వాళ్లమ్మ పాలు తాగడానికి పిలిచింది. మిగిలిన సగం గొంతులోనే ఉండిపోయింది కనుక, నా ఈడువాళ్లయిన మీతోనైనా చెప్పుకుంటాను.

తొంభైల మొదట్లో మావారి ఉద్యోగం ఒమన్‌లో, సహం అనే ఊళ్లో ఉండేది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు నిమ్మతోటలు, ఖర్జూరపు తోటలు, మధ్యలో పెద్ద రోడ్డు. కాకినాడలో బి.ఎడ్. చేసి, సహంలో ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను, ఒక అద్దె విల్లాలో నడిచే చిన్న ఇండియన్ బడిలో రెండో తరగతికి టీచరుగా తీసుకున్నారు. విల్లా వెనక గోడ దాటితే తోట, తోటలో నీళ్లు పారే కాలువ. పుస్తకాలు మాత్రం ఢిల్లీ నుంచి వచ్చేవి. ఆ పుస్తకాల్లో డిసెంబరు వచ్చేసరికి, జంతువులు చలికాలాన్ని ఎలా గట్టెక్కుతాయి అనే పాఠం ఉండేది.

సహంలో డిసెంబరంటే, ఏడాదిలో మనిషి హాయిగా బయటికి వచ్చి ఊపిరి పీల్చుకునే కాలం. మా పిల్లలకు గట్టెక్కవలసినదంటూ ఉంటే అది ఎండాకాలమే. మంచు అంటే వాళ్లకు ఫ్రిజ్‌లో పై అర. నాకూ అంతకు మించి తెలియదనుకోండి. అయినా పాఠం పాఠమే కదా. ఉడత గింజలు దాచుకుంటుంది అంటే, మా అమ్మ కూడా ఇండియా నుంచి ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చి మంచం కింద దాస్తుందని ఒకడు లేచాడు. పక్షులు వేరే దేశానికి పోయి, కాలం మారాక తిరిగొస్తాయి అంటే, జూన్‌లో మేమూ పోతాం అని క్లాసంతా చేతులెత్తింది. ముందు బెంచీ పిల్ల ఒకతె మాత్రం, పక్షుల పాస్‌పోర్టులు కూడా అర్బాబు దగ్గరే ఉంటాయా టీచర్ అని అడిగింది. అర్బాబు అంటే అక్కడ యజమాని. ఉండవమ్మా అన్నాను. అయితే మా నాన్న కంటే పక్షులే నయం అంది. ఆ మాటకు ఏమనాలో నాకు బి.ఎడ్.లో నేర్పలేదు.

అసలు చిక్కు ఎలుగుబంటితో వచ్చింది. నెలల తరబడి తిండి లేకుండా ఏదైనా పడుకుంటుందంటే ఒక్కరూ నమ్మలేదు. చెబితే లాభం లేదు, చేసి చూపించాలనుకున్నాను. బడికి కొత్తగా వచ్చిన ఫ్రిజ్ అట్టపెట్టెను గది మూలలో పడుకోబెట్టి గుహ అన్నాను. ఇళ్ల నుంచి దుప్పట్లు తెమ్మన్నాను. కిటికీ ఏసీని చివరిదాకా తిప్పి, ఇదే చలికాలం అన్నాను. ఎలుగుబంటి వేషం ఒక గుంటూరు పిల్లకు ఇచ్చాను. వాళ్ల నాన్న లారీలు బాగుచేసే షెడ్డులో సూపర్‌వైజరు. ఆ పిల్ల చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చేసే రకం, అందుకే ఎంచుకున్నాను. గుహలోకి పంపుతూ, ఎవరు పిలిచినా, ఎంత గోల చేసినా, స్ప్రింగ్, అంటే వసంతం, వచ్చేదాకా లేవకూడదు సుమా అని మరీ మరీ చెప్పాను.

అది చివరి పీరియడు. నేను స్ప్రింగ్ సంగతి ఎత్తేలోపే గంట కొట్టారు. గంట వినబడితే మా పిల్లలు మనుషులు కారు. ఒంటి మీది దుప్పట్లన్నీ తీసి ఆ పెట్టెలోకి కుక్కి, సంచులు అందుకుని, ఇళ్లకు చేర్చే బడి బండి మీదకు పరుగెత్తారు. అందరూ ఎక్కేసుంటారనుకుని నేను స్టాఫు రూములో నోటుపుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను.

కొంతసేపటికి బండి తిరిగొచ్చింది. డ్రైవరు నిజామాబాదు వైపు నుంచి వచ్చిన కుర్రాడు, నన్ను అక్కా అనేవాడు. గుమ్మంలో నిలబడి మెల్లగా చెప్పాడు. “అక్కా, ఆ షెడ్డు సార్ బిడ్డ బండి ఎక్కనే లేదు. ఆళ్లమ్మ వాకిట్ల నిలవడి సూస్తున్నది.”

నేను పెన్ను పడేసి లేచాను. బాత్రూములు చూశాం, మేడ మీద చూశాం, బడి నడిపే పెద్ద మేడమ్ గారు చెప్పులు కూడా లేకుండా తోటలోకి పరుగెత్తారు. నేను క్లాసులోకి తొంగిచూసి పిలిచాను. ఏసీ రొద, పెట్టెనిండా దుప్పట్ల గుట్ట, అంతే. డ్రైవరు ప్యాంటు మడిచి కాలువలోకి దిగాడు. అతను ఆ నీళ్లలో చేతులు పెట్టి వెతుకుతుంటే చూడలేక, నేను లోపలికి వచ్చేశాను. ఈలోగా పిల్ల తండ్రి చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. “ఎటెళ్లుద్దండీ మేడమ్, సముద్రం వైపు వెళ్లదు కదా” అని మాత్రం అడిగాడు.

చేయడానికి ఇంకేమీ తోచక, వెళ్లి క్లాసులో ఆ ఏసీ కట్టేశాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. దుప్పట్ల గుట్టలోంచి ఒక తుమ్ము వినిపించింది.

నేనూ, నా వెనకే వచ్చిన ఆ తండ్రీ కలిసి దుప్పట్లన్నీ లాగేశాం. అడుగున ఆ పిల్ల ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. తండ్రి మోకాళ్ల మీద కూలబడి, లేమ్మా, నేను వచ్చాను అన్నాడు. అది కళ్లు తెరవకుండానే అడిగింది. “స్ప్రింగ్ వచ్చిందా నాన్నా?”

పాపం ఆయన షెడ్డులో ఒక లారీ స్ప్రింగు కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడట. ఆ కంగారులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. “ఇంకా రాలేదమ్మా. దుబాయ్ నుంచి వచ్చే వారం వస్తది.”

ఆ పిల్ల నిట్టూర్చి, దుప్పటి మళ్లీ ముఖం మీదికి లాక్కుంది.

నేను నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి డ్రైవరు, మోకాళ్ల దాకా బురదతో, నవ్వాపుకుంటూ అందుకున్నాడు. “వచ్చింది బిడ్డా, గిప్పుడే వచ్చింది. బండిల కూసున్నది. లే ఇగ.”

అప్పుడు లేచింది. తండ్రి దాన్ని భుజానికెత్తుకుని ఏడుస్తూ నవ్వాడు. అందరం పిలుస్తుంటే వినబడలేదా అని అడిగితే, వినబడింది, కానీ ఎంత గోల చేసినా లేవొద్దన్నారు కదా టీచర్ అంది. మర్నాడు వాళ్లమ్మ నా మీద ఫిర్యాదు చేస్తుందేమోనని వణుకుతూ వెళితే, టిఫిను డబ్బాలో సున్నుండలు పంపింది. పెద్ద మేడమ్ గారు మాత్రం, ఇకమీదట ఎలుగుబంట్లు బ్లాకుబోర్డు ముందే పడుకోవాలని స్టాఫు మీటింగులో గంభీరంగా ప్రకటించారు. క్లాసులో మిగతా పిల్లలంతా ఎలుగుబంటి వేషం తమకే కావాలని వారం రోజులు నా ప్రాణం తీశారు.

పక్క ఫ్లాటు పాపకు ఇప్పుడు అసలైన ఎలుగుబంటి రెప్పవెంట్రుకలతో సహా కనబడుతోంది. చూడని దాన్ని ఉన్నట్టు నమ్మించడానికి మేము పడ్డ పాట్లు ఇప్పటి టీచర్లకు అక్కర్లేదు, అదీ మంచిదే. కానీ ఆ పాప చూసినంతసేపూ ఒక్కో బొమ్మనూ వేలితో పక్కకు తోసేస్తూనే ఉంది. ఆ రోజు ఆ గుంటూరు పిల్ల పెట్టెలోకి దూరిన క్షణాన, క్లాసులో పిల్లలందరూ ఊపిరి బిగబట్టి, ఆ అట్టపెట్టె వైపు కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డారు. నిజంగా అక్కడ ఏదో పెద్ద జంతువు నిద్రపోతున్నట్టు, లేపితే పాపమన్నట్టు. తరవాత ఎన్నో ఏళ్లు, ఎన్నో బళ్లలో పాఠాలు చెప్పాను గాని, అటువంటి నిశ్శబ్దం మళ్లీ ఏ క్లాసులోనూ నాకు దొరకలేదు.