వాగు పొంటి ఉన్నోళ్లకు

మొన్న విశాఖ నుంచి వస్తున్న మా చెల్లెలి కోసం శంషాబాద్ విమానాశ్రయంలో ఎదురుచూస్తుంటే, స్పీకర్లో ఒక ఆడగొంతు తెలుగులో ఏదో ప్రకటన చదివింది. ప్రతి అక్షరమూ స్పష్టంగానే ఉంది గానీ, అది ఎవరి ఇంట్లోనూ మాట్లాడే తెలుగులా లేదు. పక్కనున్న పెద్దావిడ "ఏమంటుంది బిడ్డా?" అని అడిగితే ఆమెకు విడమరిచి చెప్పాను గానీ, మనసు మాత్రం అప్పటికే తొంభైలలోకి వెళ్లిపోయింది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇటువైపు ఇంత వెడల్పు రోడ్లు లేవు. జొన్నచేలూ, ద్రాక్షతోటలూ, సాయంత్రమైతే అరుగుల మీద మోగే రేడియోలూ ఉండేవి. అక్కడి చిన్న ప్రభుత్వ రేడియో కేంద్రానికి నన్ను అధికారిణిగా వేశారు. మాది కృష్ణా జిల్లా, నాది పుస్తకాల తెలుగు. వచ్చిన కొత్తలోనే పల్లె కార్యక్రమానికి శంషాబాద్‌లో పుట్టిపెరిగిన ఒక ముస్లిం అమ్మాయిని అనౌన్సరుగా తీసుకున్నాను. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు మాట్లాడే ఆ పిల్ల మైకు ముందు కూర్చుంటే పక్కింటి అక్కతో ముచ్చట పెట్టినట్టే ఉండేది. మా పైఅధికారికి అదే నచ్చలేదు. రేడియోలో యాస వినిపించకూడదు, ఆమెను మాన్పించమని ఫోను మీద ఫోను చేసేవారు. నేను ప్రతిసారీ "చూస్తానండీ" అనేదాన్ని, చూసేదాన్ని కాదు.

ఒక వానాకాలం, ముసురు పట్టి వదలని రోజుల్లో, మధ్యాహ్నం వేళ హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తుతున్నారని కబురొచ్చింది. వెంటనే పైనుంచి ఒక ప్రకటన ఫోనులో చెప్పి రాయించారు: పరీవాహక ప్రాంత ప్రజలు అప్రమత్తులై సురక్షిత ప్రదేశములకు తరలవలెనని. అందులో ఒక్క ముక్క మార్చవద్దన్నారు. డ్యూటీలో ఉన్నాయన దాన్ని గంభీరంగా చదివాడు. కాసేపటికి, కట్ట దిగువన చేను కౌలుకు చేసుకునే కొత్వాల్‌గూడ రైతు ఒకాయన, నెత్తిన గోనెసంచి కప్పుకుని, తడిసి ముద్దై మా గేటు దగ్గరకు వచ్చాడు. రోడ్డు పక్క హోటల్లో రేడియో విన్నాడట.

"పరీవాహకం అంటే ఏ ఊరు మేడం? మాదా, ఇంకోళ్లదా?"

నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయిని పిలిచి, వస్తున్న పాట ఆపించి, మైకు ముందు కూర్చోబెట్టాను. ఆమె కాగితం అందుకోబోతే వద్దన్నాను. నీ వాళ్లే అక్కడున్నారనుకుని చెప్పమన్నాను. ఎర్రదీపం వెలిగింది.

"అన్నా, అక్కా, హిమాయత్ సాగర్ గేట్లు లేపుతున్నరు. వాగు పొంటి చేన్లల్ల ఉన్నోళ్లు ఇగ ఆగకుండ్రి. గొడ్లను ఇప్పి మిట్టకు తోలుండ్రి. ముసలోళ్లను, పిల్లలను ముందు పంపుండ్రి. పరేషాన్ గాకుండ్రి గని, జర జల్ది కదలుండ్రి."

తర్వాత ఉర్దూలో చెప్పింది, మళ్లీ తెలుగులో చెప్పింది, గొంతు బొంగురుపోయేదాకా చెబుతూనే ఉంది. చీకటి పడకముందే చేలు మునిగాయి. మనుషులంతా మిట్ట మీద ఉన్నారు.

ఆ వారంలోనే పైఅధికారి తన గదికి పిలిపించారు. "చదువుకున్నవారు, మీకిదేం భాషండీ? అనుమతి లేకుండా ప్రసారం చేశాను, పొరపాటైందని రాసివ్వండి" అన్నారు. పొరపాటేమీ జరగలేదు, రాయనన్నాను. పోనీ ఆ అమ్మాయినైనా తీసేయమన్నారు. "రేడియో మనం విని మురిసిపోవడానికి పెట్టలేదండీ. నా చేత్తో ఆమెను తీయను" అన్నాను. మైకు ముందు కూర్చున్నట్టే ఒక్కో మాటా తాపీగా పలికాను. రేడియో ఉద్యోగం నాకు బాగా నేర్పింది అదొక్కటేనేమో.

బదిలీ వచ్చింది, ఎక్కడో దూరపు కేంద్రానికి. వెళ్లే రోజు పొద్దున, అంతదాకా పైవాళ్లు పల్లె కార్యక్రమం దాటనివ్వని ఆ అమ్మాయి చేతే ఉదయపు ప్రసారం మొదలుపెట్టించాను. పైఅధికారి ఇంట్లోనూ రేడియో ఉండేది కదా, వినే ఉంటారు. నా తర్వాత వచ్చినాయన ఆమెను కదిలించే సాహసం చేయలేదని, చేస్తే ఊళ్లవాళ్లు గేటు ముందు కూర్చునేవారని తరువాత తెలిసింది.

ఇప్పుడు ఆ యాసకు సినిమాల్లో చప్పట్లు, వ్యాపార ప్రకటనల్లో గిరాకీ. సంతోషమే. కానీ ఆనాడు విన్న చేలు చాలావరకు రోడ్ల కిందా గోడల కిందా పోయాయి, విన్నవాళ్లు ఎక్కడెక్కడ సర్దుకున్నారో తెలియదు. గాలి నిండా గొంతులే, పొద్దస్తమానం నవ్విస్తూనే ఉంటాయి. వాటిలో ఏదీ ఫలానా చోట ఉన్న ఫలానా మనుషులను పిలిచి మాట్లాడదు. నాకేం దక్కిందని అప్పుడప్పుడు మావారు అడుగుతుంటారు. ఏమో! ఆ గదిలో రాసివ్వని ఆ ఒక్క వాక్యం, ఇప్పుడడిగినా రాయను.